గ్యాసే కదా అని పడుకుంటే..!

"కడుపుల నొస్తుందన్నా... గ్యాస్ పట్టినట్టుంది."

ఒక గురువారం రాత్రి మా రూమ్మేట్ అన్న మాట ఇది. అప్పట్లో ఈస్ట్‌హామ్‌లో ఒకే ఇంట్లో ఆరుగురం ఉండేవాళ్లం. అతనిది నల్గొండ వైపు ఊరు. ఏజెన్సీ ద్వారా వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు చేసేవాడు. నేను ఆఫీసులో గుమాస్తాని. ఇంట్లో అందరికంటే పెద్దవాణ్ణి కాబట్టి ఏ ఫారం నింపాలన్నా, ఏ జ్వరం వచ్చినా నన్నే అడిగేవాళ్లు.

"ఏం కాదు తమ్ముడూ, గ్యాసే. బయట తిండి మానెయ్" అని ఈనో కలిపి ఇచ్చాను. ఒకతను వాము నీళ్లు కాచాడు. ఇంకొకతను ఇండియా నుంచి తెచ్చుకున్న వోవెరాన్ బిళ్ల సూట్‌కేసులోంచి తీసిచ్చాడు. నొప్పి కాస్త తగ్గింది. శుక్రవారం షిఫ్టుకు కూడా వెళ్లాడు. వెళ్లకపోతే ఏజెన్సీ వాళ్లు మళ్లీ పిలవరేమోనని భయం.

శనివారం తెల్లవారుజామున ఒళ్లు కాలిపోతోంది. కుడికాలు చాపలేకపోతున్నాడు. మధ్యాహ్నం "తగ్గిందన్నా" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాం. రెండు గంటలు తిరక్కుండానే పొట్టంతా బల్లలా బిగుసుకుపోయింది. అప్పుడు 999కి ఫోన్ చేశాం. అపెండిక్స్ పగిలిపోయిందని ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో, ఆరు వారాలు ఇంట్లో. గురువారమే వచ్చి ఉంటే రెండు రోజుల్లో ఇంటికి పంపేవాళ్లమని సర్జన్ అన్నారు.

ఆ గురువారం దాన్ని గ్యాస్ అని తేల్చింది నేనే. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అందుకే తర్వాత దొరికిందల్లా చదివాను, తెలిసిన డాక్టర్లను అడిగాను. నేను డాక్టర్ని కాను. ఇది చదివి మీకు మీరే వైద్యం చేసుకోమని కూడా చెప్పను. ఏ నొప్పికి ఆగొచ్చు, ఏ నొప్పికి ఆగకూడదు అన్నది తెలిస్తే చాలు.

రాజుగారూ వాయిదా వేశారు!

అపెండిక్స్ నొప్పిని లెక్కచేయకపోవడం మనవాళ్ల జబ్బే కాదు. బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి 1902 జూన్ 26న ముహూర్తం పెట్టారు. అంతకు కొద్దిరోజుల ముందే ఆయనకు కడుపునొప్పి మొదలైంది. పట్టాభిషేకం ఆగకూడదని రాజుగారి పట్టుదల. చివరికి జూన్ 24న బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోనే సర్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ అనే సర్జన్ కోసి, అపెండిక్స్ దగ్గర చేరిన చీము తీశారు. రాజుగారు బతికి బయటపడ్డారు. పట్టాభిషేకం ఆగస్టు 9కి జరిగింది. ఆయనకు కిరీటం, మనకు షిఫ్టు. వాయిదా వేసే బుద్ధి మాత్రం ఒక్కటే!

అపెండిక్స్ నొప్పిని గుర్తుపట్టేదెలా? చాలామందికి మొదట బొడ్డు చుట్టూ మొదలవుతుంది, వస్తూ పోతూ ఉంటుంది. కొన్ని గంటల్లో పొత్తికడుపు కుడివైపుకి దిగి అక్కడే నిలబడిపోతుంది. దగ్గినా, నడిచినా, కారు గతుకులో పడినా నొప్పి ఎక్కువవుతుంది. ఆకలి చచ్చిపోతుంది. వికారం, వాంతి, కొద్దిపాటి జ్వరం తోడవుతాయి. ఇలా ఉంటే విరేచనాల మందు వేసుకోకండి, వేడినీళ్ల సంచి పెట్టుకుని పడుకోకండి. నొప్పి ఉన్నట్టుండి తగ్గినా సంబరపడకండి. పగిలినప్పుడు కాసేపు అలాగే తగ్గి, తర్వాత పొట్టంతా పాకుతుంది.

ఎక్కడ నొస్తోంది?

మన తెలుగులో కడుపునొప్పి అంటే డొక్కల కింద నుంచి గజ్జల దాకా ఏదైనా కావచ్చు. అందుకే ముందు చోటు చూసుకోవాలి.

పైకడుపు మధ్యలో మంట: ఎసిడిటీ, కడుపులో పుండు కావచ్చు. పరగడుపున గానీ, తిన్నాక గానీ మండుతుంది. పుల్లటి తేన్పులు, గొంతులోకి మంట వస్తాయి. కారం వల్లే అల్సర్ వస్తుందని చిన్నప్పటి నుంచి విన్నాం. కానీ ఎక్కువ పుండ్లకు కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా, లేదంటే అతిగా వాడే నొప్పి మాత్రలు. ఈ మాట చెబితే మొదట్లో డాక్టర్లే నమ్మలేదు. ఆస్ట్రేలియా డాక్టర్ బ్యారీ మార్షల్ 1984లో ఆ బాక్టీరియా కలిపిన ద్రావణాన్ని తానే తాగి, జబ్బు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఆయనకూ, రాబిన్ వారెన్‌కూ నోబెల్ ఇచ్చారు. ఇక్కడ జీపీని అడిగితే మలపరీక్షతోనో, ఊపిరి పరీక్షతోనో తేలుస్తారు. ఉంటే సాధారణంగా వారం రోజుల మందుల కోర్సు ఇస్తారు. పరీక్షకు రెండు వారాల ముందు నుంచి ఒమెప్రజోల్ లాంటి మాత్రలు ఆపాలి. లేకపోతే ఫలితం తప్పు రావచ్చు. మామూలు మంటకు గావిస్కాన్, రెన్నీ లాంటివి ఫార్మసీలో దొరుకుతాయి. రెండు వారాలైనా తగ్గకపోతే మాత్రం జీపీ దగ్గరికే.

పైకడుపు కుడివైపు: పిత్తాశయంలో రాళ్లు కావచ్చు. బిర్యానీ, వేపుళ్లు తిన్నాక మొదలై అరగంట నుంచి కొన్ని గంటల దాకా పట్టేస్తుంది. కుడి భుజం వైపు, వీపు వైపు లాగుతుంది. ఆడవాళ్లలో ఎక్కువ. స్కానింగ్‌లో తెలుస్తుంది. ఏ బాధా పెట్టని రాయిని చాలాసార్లు అలాగే వదిలేస్తారు, పెడితే చిన్న రంధ్రాలతో చేసే కీహోల్ ఆపరేషన్ ఉంది. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

నడుము పక్క నుంచి గజ్జల్లోకి: కిడ్నీలో రాయి. ఇది వచ్చినవాడు ఒకచోట కూర్చోలేడు, పడుకోలేడు, గదిలో పచార్లు చేస్తుంటాడు. అలలు అలలుగా వస్తుంది. మూత్రం ఎర్రగా రావచ్చు. డెలివరీ డ్రైవర్లూ, టాయిలెట్ బ్రేక్ దొరకదని నీళ్లు తాగడం మానేసే వేర్‌హౌస్ తమ్ముళ్లూ, ఇది మీ కోసమే. రాళ్లు ఒకసారి వచ్చినవాళ్లు రోజుకి రెండున్నర నుంచి మూడు లీటర్ల నీళ్లు తాగాలి, అందులో నిమ్మరసం పిండుకుంటే ఇంకా మంచిది. ఉప్పు తగ్గించాలి, అంటే ఆవకాయ కూడానండీ. పాలు, పెరుగు మానేయాల్సిన పనిలేదు. చిన్న రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. కానీ రాయి నొప్పికి జ్వరం తోడైతే ఒక్క గంట కూడా ఆగకూడదు.

పొత్తికడుపు, మూత్రంలో మంట: ఆడవాళ్లలో ఎక్కువగా మూత్రంలో ఇన్ఫెక్షన్. ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31 నుంచి ఫార్మసీ ఫస్ట్ అనే పద్ధతి వచ్చింది. 16 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లకు మామూలు మూత్ర ఇన్ఫెక్షన్ అయితే జీపీ అపాయింట్‌మెంట్ అక్కర్లేకుండా ఫార్మసిస్టే చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇస్తారు. గర్భిణులు మాత్రం జీపీనే కలవాలి.

పొత్తికడుపు ఒకవైపు, నెల తప్పి ఉంటే: అక్కాచెల్లెళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. పిండం గర్భసంచిలో కాకుండా ట్యూబులో పెరుగుతుంటే ఇలా నొస్తుంది. కొద్దిగా రక్తస్రావం, భుజం చివర నొప్పి, కళ్లు తిరగడం ఉంటాయి. ట్యూబు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. సిగ్గుపడి, అత్తగారు ఏమంటారోనని దాచుకునే నొప్పి కాదిది. కళ్లు తిరుగుతుంటే 999కే ఫోన్ చేయాలి.

ఛాతీ కింద బరువు, చెమటలు: "గ్యాస్ అనుకున్నామండీ, తెల్లారేసరికి పోయాడు" అనే మాట మన ఊళ్లలో వినని ఇల్లుందా? గుండెపోటు కొందరికి పైకడుపులో బరువుగా, అజీర్తిలా మొదలవుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు కూడా. బ్రిటన్‌లో మన దక్షిణాసియా వాళ్లకు గుండెజబ్బు ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువ. చెమట పట్టి, ఆయాసం వచ్చి, దవడకో చేతికో లాగుతుంటే ఈనో కలుపుతూ కూర్చోకండి. 999.

రోజూ ఉండే బాధలు

అన్నీ భయపెట్టేవే కావు. మనలో ఎక్కువమందికి వచ్చేవి మామూలువే.

పాలు తాగిన గంట రెండు గంటల్లో పొట్ట ఉబ్బి, గుడగుడలాడి, విరేచనం అవుతోందా? పాలలోని లాక్టోజ్ అరగకపోవడం కావచ్చు. మన వైపు వాళ్లలో ఇది మామూలే. పెరుగు చాలామందికి పడుతుంది. లాక్టోజ్ లేని పాలు సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. కొన్నాళ్లు మార్చి చూడండి.

ఇక మలబద్ధకం. నైట్ షిఫ్టులు, బ్రెడ్డు తిండి, నీళ్లు తక్కువ, టాయిలెట్ ఆపుకోవడం... ఇన్ని కారణాలుంటే రాకేం చేస్తుంది? నీళ్లు, కూరగాయలు, నడక ముందు. మన ఇసబ్‌గోల్ పొట్టునే ఇక్కడ ఫైబోజెల్ అనే పేరుతో అమ్ముతారు. వేసుకున్నాక నీళ్లు బాగా తాగాలి.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఎక్కువసార్లు నోరోవైరస్ లాంటిదే. రెండు మూడు రోజుల్లో వాంతులు, వారంలో విరేచనాలు తగ్గుతాయి. ఒంట్లో నీళ్లు పోకుండా చూసుకోవడమే వైద్యం. డయొరలైట్ పొట్లాలు ఫార్మసీలో ఉంటాయి. లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగండి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. ఈ ఉప్పు పంచదార నీళ్ల సత్తా 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ లోకానికి చూపించారు. చేతులు సబ్బుతో కడుక్కోండి. హ్యాండ్ జెల్ నోరోవైరస్ మీద సరిగా పనిచేయదు. ఆఖరి వాంతి, విరేచనం తర్వాత 48 గంటలు పనికి వెళ్లకూడదు. కేర్ హోముల్లో, వంటశాలల్లో పనిచేసేవాళ్లయితే ఇంకా జాగ్రత్త. మీకు రెండు రోజుల బాధ, అక్కడి ముసలివాళ్లకు ప్రాణగండం.

ఇండియా వెళ్లొచ్చిన కొద్దివారాల్లో కడుపునొప్పితో పాటు జ్వరం పెరుగుతూ పోతుంటే టైఫాయిడ్ అనుమానించాలి. "నేను ఇండియా నుంచి వచ్చాను" అని మీరు నోరు తెరిచి చెప్పకపోతే డాక్టరుకు ఆ ఊహే రాకపోవచ్చు.

నెలల తరబడి ఉంటే

మూడు నాలుగు వారాలుగా నొప్పి వస్తూ పోతూ, బరువు తగ్గుతూ, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు ఉంటే టీబీ గురించి అడగండి. "వీసాకి టీబీ సర్టిఫికెట్ ఇచ్చారుగా, నాకెందుకుంటుంది?" అనకండి. ఆ పరీక్ష ఛాతీ ఎక్స్‌రే. ఊపిరితిత్తుల్లో ఉన్నదే అందులో తెలుస్తుంది, పేగుల్లో దాక్కున్నది కాదు. యూకేలో టీబీ వైద్యం ఏ వీసా వాళ్లకైనా, వీసా లేనివాళ్లకైనా ఉచితం. పూర్తిగా నయమయ్యే జబ్బు.

మలంలో రక్తం, మూడు వారాలకు మించి విరేచనాల తీరు మారడం, కారణం లేకుండా చిక్కిపోవడం... వీటికి జీపీని కలవాలి. ఇంగ్లండ్‌లో 50 నుంచి 74 ఏళ్ల వాళ్లకు రెండేళ్లకోసారి పేగు క్యాన్సర్ పరీక్ష కిట్ ఇంటికే పోస్టులో వస్తుంది. దాన్ని చెత్తబుట్టలో వేయకండి.

సూట్‌కేసు మందుల షాపు

మనలో ఎవరి సూట్‌కేసు తెరిచినా చిన్న మెడికల్ షాపు ఉంటుంది. అమ్మ సర్ది పంపింది కదా! అందులో మూడింటి గురించి చెప్పాలి.

ఒకటి, వోవెరాన్ లాంటి డైక్లోఫెనాక్ మాత్రలు. ఇక్కడ 2015 జనవరి నుంచి డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వరు. పరగడుపున వేసుకుంటే కడుపులో పుండు పడొచ్చు. ఏ నొప్పో తెలియకముందే మింగితే జబ్బు అలాగే ఉండి, బాధ మాత్రం తగ్గినట్టుండి మనమే మోసపోతాం. మా తమ్ముడి విషయంలో జరిగింది అదే.

రెండు, రాంటాక్, జింటాక్. వీటిలో ఉండేది రానిటిడిన్. అందులో ఎన్‌డీఎంఏ అనే హానికర పదార్థం కనిపించడంతో 2019, 2020లలో బ్రిటన్‌లో వెనక్కి తీసుకున్నారు. ఇక్కడ బదులుగా వేరే మందులున్నాయి, ఫార్మసిస్టుని అడగండి.

మూడు, మిగిలిపోయిన నార్‌ఫ్లాక్స్ లాంటి యాంటీబయాటిక్స్. విరేచనం పట్టగానే రెండు వేసుకుని మానేయడం మంచి అలవాటు కాదు. వైరస్ మీద అవి పనిచేయవు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

చిన్న బాధకు ఫార్మసిస్టు. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు.

తగ్గని, మళ్లీ మళ్లీ వచ్చే నొప్పికి జీపీ. రిజిస్టర్ కావడానికి అడ్రస్ ప్రూఫ్, పాస్‌పోర్టు, వీసా తప్పనిసరి కాదు. రిసెప్షన్‌లో అడిగినా "లేవు" అని చెప్పి మర్యాదగా గట్టిగా నిలబడండి. జబ్బు చేశాక కాదు, వచ్చిన మొదటి వారమే రిజిస్టర్ చేసుకోండి.

రాత్రిపూట, ఏం చేయాలో తోచనప్పుడు ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో 111. పాతకాలం ఎన్‌హెచ్‌ఎస్ డైరెక్ట్ నంబరు 2014లోనే మూతపడింది. ఫోన్ ఉచితం. ఇంగ్లిష్ ఇబ్బందైతే "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అనండి. ఆస్పత్రిలోనూ దుబాసీని ఉచితంగా అడగొచ్చు.

ప్రాణం మీదికి వస్తే 999.

డబ్బు సంగతి. వర్క్, స్టూడెంట్ వీసాల వాళ్లలో చాలామంది హెల్త్ సర్‌చార్జి కట్టే వచ్చారు. 2024 ఫిబ్రవరి నుంచి వర్క్ వీసా మీద వచ్చే పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు. హెల్త్ అండ్ కేర్ వీసా వాళ్లకు అది మినహాయింపు. చాలావరకు ఆస్పత్రి వైద్యానికి బిల్లు రాదు. అంత కట్టి ఈనోతో సరిపెట్టుకోవడం ఏం లెక్కండీ? మందుల చీటీకి ఇంగ్లండ్‌లో 2024 మే నుంచి ఒక్కో మందుకు 9.90 పౌండ్లు, స్కాట్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లలో ఉచితం.

సెలవు సంగతి. ఏడు రోజుల దాకా మీరే జబ్బు చేసిందని రాసిస్తే చాలు, డాక్టర్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అది దాటితే ఫిట్ నోట్ అడగాలి. జీతం లేని సెలవు ఏడాదిలో నాలుగు వారాలు దాటితే స్పాన్సర్‌షిప్‌కి ఇబ్బంది అన్నది నిజమే. కానీ జబ్బు సెలవు ఆ లెక్కలోకి రాదు.

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తే మాత్రం కథ వేరు. ఏ అండ్ ఈలో చూడటం ఉచితమే. వార్డులో చేర్చుకుంటే బిల్లు వేస్తారు, అదీ మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు. టికెట్టుతో పాటే ఇన్సూరెన్సు తీసుకోండి. పిత్తాశయం రాళ్లు, పాత అల్సర్ లాంటివి ఉంటే ఫారంలో దాచకుండా రాయండి. అయితే డబ్బు కట్టలేదని అత్యవసర వైద్యం ఆపరు. బిల్లుకు భయపడి నాన్నగారిని ఇంట్లో ఉంచకండి.

డాక్టరుకు ఎలా చెప్పాలి?

"స్టమక్ పెయిన్" అని ఆగిపోకండి. మంటగా ఉంటే బర్నింగ్. మెలిపెడుతుంటే క్రాంపింగ్. పొడిచినట్టుంటే స్టాబింగ్. సన్నగా ఒకటే నొప్పి అయితే డల్ ఏక్. ఇవి కాకుండా ఐదు సంగతులు కాగితం మీద రాసుకెళ్లండి: ఎప్పుడు మొదలైంది, ఎక్కడ మొదలై ఎక్కడికి పోయింది, తింటే పెరుగుతుందా తగ్గుతుందా, ఇంకేం ఉన్నాయి, ఏ మందులు వేసుకున్నారు. ఇండియా మాత్రలు కూడా చెప్పాలి. "టెన్ అవుటాఫ్ టెన్‌లో ఎంత?" అని అడిగితే మొహమాటపడి మూడు అనకండి. మనవాళ్లు ఓర్చుకోవడం గొప్ప అనుకుంటారు. ఇక్కడ డాక్టరు మీ మాట మీదే నడుస్తారు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు!

- ఉన్నట్టుండి భరించలేని నొప్పి రావడం, పొట్ట ముట్టుకోలేకపోవడం, బల్లలా గట్టిపడటం
- రక్తపు వాంతి, కాఫీ పొడి లాంటి వాంతి, తారులా నల్లటి జిగట మలం
- మలం, గాలి, మూత్రం ఆగిపోవడం
- నొప్పితో జ్వరం, వణుకు, కళ్లు పచ్చబడటం
- గర్భం ఉండి, లేదా నెల తప్పి నొప్పి రావడం
- చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు
- పసిబిడ్డ ముడుచుకుని ఏడవడం, పచ్చటి వాంతులు, మలంలో రక్తం

చివరిగా ఒక మాట. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు స్ప్రూ అనే పేగుల జబ్బుకు అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నారు. తనూ ఆ జబ్బుతో బాధపడి బయటపడ్డారు. అమెరికా వెళ్లి, బోస్టన్ ఆస్పత్రిలో రాత్రిళ్లు పోర్టరు పని చేస్తూ చదువుకున్నారు. తర్వాత ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆసిడ్ ఆ స్ప్రూ జబ్బుకే మందుగా పనికొచ్చింది. నైట్ షిఫ్టు చేసిన ఒక తెలుగువాడు కడుపు జబ్బును అంత పట్టుదలగా తీసుకున్నాడు. మనం కనీసం ఒక ఫోన్ చేయలేమా?

మా నల్గొండ తమ్ముడు ఇప్పుడు బాగున్నాడు. ఏజెన్సీ వాళ్లు మళ్లీ పిలిచారు కూడా. కిందటి నెల అర్ధరాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, మా రూంల పిల్లగానికి కడుపుల నొస్తుందంట. గ్యాసేమో అంటున్నరు. నేను 111కి ఫోన్ చేసిన" అన్నాడు.

మంచి పని చేశావు తమ్ముడూ అన్నాను. ఈసారి నేను గ్యాస్ అనలేదు.